మీ ఊరి పిల్లలకు తట్టు నుంచి సామూహిక రక్షణ ఉందా? ఇంటింటి లెక్క కట్టే పద్ధతి

2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ తట్టు, రుబెల్లా నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభిస్తూ, దేశంలో ఈ రెండు జబ్బులకూ కలిపి వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు 93.7 శాతం పిల్లలకు, రెండో డోసు 92.2 శాతం పిల్లలకు అందిందని ప్రకటించింది. చేరవలసిన గీత రెండు డోసులకూ 95 శాతం. పైకి చూస్తే మిగిలింది రెండు మూడు శాతమే. అయితే ఆ కొరత దేశమంతటా సమంగా చల్లినట్టు ఉండదు. అది ఒక తండాలో, ఒక ఇటుక బట్టీ పక్కన వేసిన గుడిసెల్లో, వలస వెళ్లి వచ్చిన నాలుగైదు ఇళ్లలో కుప్పపడి ఉంటుంది. దేశం గీత దాటిందా లేదా అన్నది ఢిల్లీలో తెలుస్తుంది గాని, ఆ కుప్ప ఎక్కడుందో ఊళ్లో ఉన్నవారికే తెలుస్తుంది.

నేను మహబూబాబాద్ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. కొన్నేళ్లుగా మా ఊరి ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు ఈ లెక్క కట్టడంలో సాయపడుతున్నాను. ఇందుకు వైద్య విద్య అవసరం లేదు. ఒక నోటు పుస్తకం, రెండు ఆదివారాలు, ఇంటింటికీ తిరిగే ఓపిక ఉంటే చాలు. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు, యువజన సంఘాల వాళ్లు, మహిళా సంఘాల సభ్యులు ఎవరైనా చేయవచ్చు. ఒక్క నియమం మాత్రం పాటించాలి. ఏఎన్ఎంతో ముందుగా మాట్లాడి, ఆమెతో కలిసే ఈ పని మొదలుపెట్టాలి. ఆమె రిజిస్టర్ లేకుండా మన లెక్క నిలవదు, మన కాళ్లు తోడు రాకుండా ఆమె రిజిస్టర్ నిండదు.

గీత ఎక్కడుంది?

సామూహిక రోగనిరోధక శక్తి, అంటే పత్రికల్లో హెర్డ్ ఇమ్యూనిటీ అని చదివే మాట, వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగినంత తేలికైనది. టీకా ఎవరికీ లేని ఊళ్లో ఒక తట్టు రోగి 12 నుంచి 18 మందికి జబ్బు అంటిస్తాడు. మధ్యస్థంగా 15 అనుకుందాం. ఆ 15 మందిలో 14 మందికి ముందే రక్షణ ఉంటే జబ్బు ఒక్కరికే పాకుతుంది, ఆ ఒక్కరి నుంచి ఇంకొక్కరికి మాత్రమే పోతుంది, అంతకంటే కొంచెం ఎక్కువ మందికి రక్షణ ఉంటే గొలుసు తెగిపోతుంది. 14ను 15తో భాగిస్తే 93 శాతం పైచిలుకు వస్తుంది. 95 శాతం లక్ష్యం వెనుక ఉన్న లెక్క ఇదే. పోలియోలో ఒక రోగి నుంచి సోకేది 5 నుంచి 7 మందికి గనుక దాని గీత 80 నుంచి 86 శాతం మధ్య ఉంటుంది. ధనుర్వాతానికి ఈ లెక్క పనికిరాదు. అది మనిషి నుంచి మనిషికి అంటదు, మట్టిలోని క్రిమి గాయం గుండా లోపలికి వస్తుంది. పక్కింటివాళ్ల సూది మనల్ని ధనుర్వాతం నుంచి కాపాడదు, ఎవరి టీకా వాళ్లే వేయించుకోవాలి.

తట్టు గీత ఇంత ఎత్తున ఉండటానికి కారణం దాని వేగం. రోగి దగ్గి వెళ్లిపోయిన గదిలో రెండు గంటల వరకు వైరస్ గాలిలో బతికే ఉంటుంది. ఒంటి మీద దద్దుర్లు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే బిడ్డ ఇతరులకు అంటిస్తుంది. అంటే తల్లి చూసి, జాగ్రత్తపడి, వేపాకు మండ కట్టి, బిడ్డను విడిగా పడుకోబెట్టే సమయానికే జబ్బు అంగన్‌వాడీ అంతా తిరిగి వచ్చి ఉంటుంది.

ప్రభుత్వ అంకెలను చదివే తీరు

ఊరి లెక్కకు పోయే ముందు దేశం అంకెలను చదవడం నేర్చుకోవాలి, ఎందుకంటే ఒకే పొరపాటు రెండు చోట్లా జరుగుతుంది. 2021 జనవరి 16న మొదలైన కోవిడ్ టీకాల కార్యక్రమం అక్టోబర్ 21 నాటికి 100 కోట్ల డోసులు దాటింది. అది నిజంగా గొప్ప పని. అయితే చాలామంది దాన్ని 100 కోట్ల మంది అని చదువుకున్నారు. ఆ 100 కోట్లలో మొదటి డోసులు సుమారు 71 కోట్లు, రెండో డోసులు సుమారు 29 కోట్లు. రెండు డోసులు పూర్తయినవారు వయోజనుల్లో 31 శాతం. పిల్లలతో సహా సుమారు 140 కోట్ల జనాభాతో పోలిస్తే ఐదింట ఒక వంతు మాత్రమే. ఏ అంకె కనబడినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇవి డోసులా, మనుషులా? ఒక డోసా, అన్ని డోసులా? కింద పెట్టి భాగించిన జనాభా ఎవరిది?

కోవిడ్ విషయంలో నాలుగో ప్రశ్న కూడా ఉంది. టీకా ఇచ్చిన రక్షణ ఎంతకాలం నిలుస్తుంది? ఆ వైరస్ రూపాలు మార్చుకుంటూ వచ్చింది, సోకకుండా ఆపే శక్తి నెలల్లోనే తగ్గుతూ పోయింది. అందువల్ల కోవిడ్ టీకా ప్రాణాలను కాపాడింది గాని, గీత దాటి గొలుసు తెంచే పని పూర్తిగా చేయలేకపోయింది. తట్టు అలాంటిది కాదు. రెండు డోసుల రక్షణ దాదాపు జీవితాంతం ఉంటుంది, ఈ వైరస్‌కు మనిషి తప్ప మరో ఆశ్రయం లేదు. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు, 2011 జనవరి తర్వాత సహజ పోలియో వైరస్ వల్ల ఒక్క కేసూ రాలేదు. తట్టును కూడా ఆ వరుసలోకి చేర్చవచ్చు. కోవిడ్ అనుభవం చూపించి సామూహిక రక్షణ అన్నదే వట్టి మాట అనేవారికి ఈ తేడాను ఓపికగా చెప్పాలి.

జాబితా తయారు చేయడం

లెక్కకు పునాది హారం, అంటే ఊళ్లో నిజంగా ఉన్న పిల్లల సంఖ్య. ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. ఆశా కార్యకర్త దగ్గర ఇంటింటి సర్వే పుస్తకం ఉంటుంది, అంగన్‌వాడీలో పిల్లల నమోదు ఉంటుంది, ఏఎన్ఎం దగ్గర డ్యూ లిస్ట్, అంటే టీకా పడవలసిన పిల్లల జాబితా ఉంటుంది. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి, రెండేళ్లు నిండి ఏడేళ్లు నిండని పిల్లలందరి పేర్లు ఒకే పుస్తకంలోకి ఎక్కించండి. మూడింటిలోనూ ఉన్న పేర్ల గురించి ఆలోచించనక్కరలేదు. ఒక దాంట్లో ఉండి మరో దాంట్లో లేని పేరు కింద గీత గీయండి. ఏ పుస్తకంలోనూ లేని పిల్లల కోసం మాత్రం గడప గడపకూ నడవవలసిందే.

ఇంటికి వెళ్లినప్పుడు మాట నమ్మి రాసుకోవద్దు, టీకాల కార్డు చూడాలి. "అన్ని సూదులూ అయిపోయినయి సారూ" అనే మాట అబద్ధం కాదు, తల్లి నిజంగానే అలా అనుకుంటుంది. ఒక ఇంట్లో నానమ్మ బియ్యం డ్రమ్ములో అడుగున చెయ్యి పెట్టి, పాలిథిన్ కవరులో చుట్టి దాచిన కార్డును తీసి నా చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగినా అక్షరాలు చెక్కుచెదరలేదు. తొమ్మిదో నెల గడిలో ఎంఆర్ మొదటి డోసు తేదీ ఉంది. దాని పక్కన 16 నుంచి 24 నెలల గడి ఖాళీగా ఉంది. బిడ్డకు అప్పటికి మూడున్నరేళ్లు. కోడలు పొయ్యి దగ్గర నుంచే చెప్పింది: "తల్లిగారింటి కాడ ఏసిన్రు సారూ, ఈడికొచ్చినంక ఎవ్వలూ పిలువలే." కాన్పు తల్లిగారింట్లో జరిగింది, మొదటి ఏడాది టీకాలు అక్కడి సబ్ సెంటర్‌లో పడ్డాయి, ఆ ఊరి రిజిస్టర్‌లో బిడ్డ 'వెళ్లిపోయింది', మా ఊరి రిజిస్టర్‌లోకి రాలేదు. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, అయినా రెండు ఊళ్ల మధ్య ఒక పేరు జారిపోయింది. మన దగ్గర తొలి కాన్పుకు తల్లిగారింటికి వెళ్లడం ఆచారం గనుక ఇలా జారిపోయే పేర్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. నా అనుభవంలో రెండో డోసు ఖాళీలు ఎక్కువగా దొరికేది ఈ ఇళ్లలోనే. జాబితాలో 'ఎక్కడ పుట్టింది' అన్న నిలువు వరుస ఒకటి తప్పక పెట్టుకోండి.

కార్డు పోయిన ఇంట్లో తల్లి చెప్పే గుర్తులతో అంచనా వేయకుండా, బిడ్డ పుట్టిన ఆసుపత్రి లేదా తల్లిగారి ఊరి ఏఎన్ఎం దగ్గర నమోదు ఉందేమో కనుక్కోమని మన ఏఎన్ఎంను అడగాలి. ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ నమోదు అయిన యూ-విన్‌లో ఉన్న పిల్లల వివరం ఫోన్ నంబర్‌తో దొరుకుతుంది. ఎక్కడా ఆధారం దొరక్కపోతే టీకా పడనట్టే లెక్క. రెండోసారి పడినా ఎంఆర్ టీకా వల్ల హాని లేదు, అసలు పడకపోతేనే హాని.

గుణకారం

ఒక ఉదాహరణ తీసుకుందాం. జాబితాలో 120 మంది పిల్లలు తేలారు. 114 మందికి మొదటి డోసు, వారిలో 96 మందికి రెండో డోసు కూడా పడింది. ఆరుగురికి ఏదీ పడలేదు. మొదటి డోసు 95 శాతం కదా, గీత దాటేశాం అనిపిస్తుంది. కానీ టీకా పడటం, రక్షణ రావడం రెండూ ఒకటి కావు. తొమ్మిది నెలల వయసులో వేసే మొదటి డోసు వంద మందిలో సుమారు 85 మందికే పనిచేస్తుంది, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు కొందరు బిడ్డల్లో ఇంకా మిగిలి ఉండి టీకాను పని చేయనివ్వవు. రెండు డోసులూ పడితే సుమారు 97 మందికి రక్షణ వస్తుంది.

96ను 0.97తో గుణిస్తే 93 మంది. ఒక్క డోసే పడిన 18 మందిని 0.85తో గుణిస్తే 15 మంది. మొత్తం 108 మంది, అంటే 90 శాతం. 15లో 14 వంతుల చొప్పున ఊరికి కావలసింది 112 మంది. నలుగురు తక్కువ. ఇప్పుడు ఆ 18 మందికి రెండో డోసు వేయిస్తే లెక్క 111 దగ్గర ఆగుతుంది, ఇంకా ఒకరు తక్కువ. ఆరుగురికి కూడా రెండు డోసులు వేయిస్తే 116కు చేరి గీత దాటుతాం. మా పదో తరగతి పిల్లలు ఈ లెక్కను బోర్డు మీద చేసినప్పుడు గదంతా నిశ్శబ్దమైపోయింది. ఊరంతటి భద్రత ఆరుగురు పిల్లల మీద ఆధారపడి ఉందని అంకె చెబుతుంటే వాళ్లకు ఆ ఆరుగురు ఎవరో తెలుసుకోవాలనిపించింది. పేర్లు మాత్రం నేను చెప్పలేదు. టీకా పడని పిల్లల పేర్లు పంచాయతీ గోడ మీదా, వాట్సాప్ గ్రూపులోనూ ఎప్పుడూ పెట్టవద్దు, అలా చేస్తే ఆ ఇంటి తలుపు మనకు ఇంక తెరుచుకోదు.

ఇదే గుణకారాన్ని దేశం అంకెల మీద చేసి చూడండి. 92.2ను 0.97తో, మిగిలిన 1.5ను 0.85తో గుణించి కలిపితే 91 శాతానికి కాస్త దిగువన వస్తుంది. ఏటా పుట్టే రెండు కోట్లకు పైగా పిల్లల్లో సుమారు 20 లక్షల మంది రక్షణ లేకుండా మిగిలిపోతున్నారన్నమాట. వాళ్లు ఏటికేడు పోగవుతూనే ఉంటారు. మన ఊళ్లో ఏటా 24 మంది పుట్టి, సగటున ఇద్దరు ముగ్గురు మిగిలిపోతుంటే పదేళ్లకు 24 మంది అవుతారు. ఒక ఏడాది పుట్టే పిల్లలంత మంది రక్షణ లేనివారు పోగైనప్పుడు తట్టు పెద్దగా చెలరేగుతుందన్నది ప్రజారోగ్య నిపుణులు వాడే గుర్తు. చాలా ఏళ్లుగా తట్టు రాలేదు కదా అన్న ధీమా అందుకే ప్రమాదకరం.

కుప్ప ఎక్కడుంది?

సగటు తేలాక ఊరి పటం గీసి, ఖాళీలున్న ప్రతి ఇంటి దగ్గర చుక్క పెట్టండి. పై ఉదాహరణలోని ఆరుగురు ఆరు వీధుల్లో ఉంటే ఊరు వాళ్లను కాపాడుతుంది. ఆ ఆరుగురూ పది మంది పిల్లలున్న ఒకే గుంపులో ఉంటే అక్కడ టీకా 40 శాతమే, ఊరి సగటు వాళ్లను కాపాడలేదు. 2022 చివర్లో ముంబైలో జరిగింది ఇదే. నగరం మొత్తం కాదు, గోవండి వంటి ఇరుకు బస్తీల్లో తట్టు చెలరేగి పిల్లలు చనిపోయారు. వ్యాప్తి ఉన్న ప్రాంతాల్లో తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు అదనపు డోసు ఇవ్వవలసి వచ్చింది.

మన ప్రాంతంలో చుక్కలు ఎక్కడ గుమిగూడతాయో తిరిగినవారికి తెలుసు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఒడిశా నుంచి కుటుంబాలతో వచ్చే ఇటుక బట్టీల కూలీలు, ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గొత్తికోయ గూడేలు, ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో విడిగా ఉండే తండాలు, సూరత్, భివండి మగ్గాల పనికి పోయి పండుగకు వచ్చే నేతన్నల ఇళ్లు. వీళ్లు టీకా వద్దన్నవాళ్లు కారు, టీకా రోజున ఊళ్లో లేనివాళ్లు. గూడెంలో భాష తెలిసిన ఒక మనిషిని వెంట తీసుకుపోతే సగం పని అయినట్టే.

మేడారం జాతర ఏడాది అయితే ఈ పని ముందే ముగించాలి. రెండేళ్లకోసారి మాఘంలో సమ్మక్క సారలమ్మల దగ్గరికి పలు రాష్ట్రాల నుంచి కోటి మందికి పైగా జనం వస్తారు, చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చేవారూ ఉంటారు. టీకా రక్షణ కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది గనుక జాతరకు కనీసం నెల ముందు ఖాళీలు నింపుకోవాలి.

గడప దగ్గర మాట

వద్దనేవారు నిజానికి తక్కువ, భయపడేవారు ఎక్కువ. టీకా వేశాక జ్వరం వచ్చిందని చెప్పే తల్లితో వాదించకూడదు, ఆమె చెప్పింది నిజమే. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా తర్వాత ఒకటి రెండు రోజుల్లో జ్వరం రావచ్చు, ఎంఆర్ తర్వాత వారం పది రోజులకు కొందరికి జ్వరం, కొద్దిపాటి దద్దుర్లు వచ్చి తగ్గిపోతాయి. ఈ మాట టీకాకు ముందే చెబితే తర్వాత నమ్మకం నిలుస్తుంది. మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి విరేచనాలు ఉన్నా టీకా ఆపనక్కరలేదు. తట్టును అమ్మవారు పోసిందని భావించే పెద్దలున్న ఇంట్లో ఆ నమ్మకాన్ని తోసిపుచ్చి మాట్లాడితే మన మాట వినరు. వేపాకు కట్టుకోండి, బిడ్డకు ఆసుపత్రిలో విటమిన్ ఎ కూడా వేయించండి అంటే వింటారు. తట్టు సోకిన బిడ్డకు వరుసగా రెండు రోజులు ఇచ్చే ఆ విటమిన్ చూపును, ప్రాణాన్ని కాపాడుతుంది.

టీకా రోజు

మన దగ్గర టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు. రెండో డోసు దాటిపోయిన పిల్లలకు ఐదేళ్ల లోపు ఎప్పుడైనా వేయించవచ్చు. ఒక్క డోసూ పడనివారికి నెల వ్యవధితో రెండూ వేస్తారు. ఐదేళ్లు దాటినవారి పేర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి విడిగా ఇవ్వాలి. ఎంఆర్ సీసాలో పొడి ఉంటుంది, ద్రావణం కలిపిన తర్వాత నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవవలసిందే, అయినా పేర్లు కూడగట్టి ఒకే పూట పిలిస్తే మందు వృథా కాదు. టీకా డబ్బాలో ఐస్ ప్యాకుల మధ్య నుంచి సీసా తీసినప్పుడు దాని మూత మీది గుర్తును చూడమని అడగవచ్చు. వలయం లోపలి చదరం వలయం కంటే లేత రంగులో ఉంటే మందు మంచిది, రెండూ ఒకే రంగుకు వస్తే పనికిరాదు. ఓరుగల్లు మే నెల ఎండలో ఈ చూపు చాలా ముఖ్యం. టీకా పడ్డాక బిడ్డను అరగంట అక్కడే ఉంచి, కార్డులో తేదీ రాయించుకుని, తర్వాత ఎప్పుడు రావాలో తల్లి నోటితోనే చెప్పించండి.

ఈ మధ్యలో ఊళ్లో ఏ బిడ్డకైనా జ్వరంతో పాటు ఒంటి మీద దద్దుర్లు వస్తే, అది తట్టేనా కాదా అని మనం తేల్చకుండా అదే రోజు ఏఎన్ఎంకు చెప్పాలి. రక్త నమూనా తీసి పరీక్షకు పంపుతారు. మొదటి కేసు వారం ముందు తెలిస్తే చుట్టుపక్కల ఖాళీ గడులు నింపడానికి ఆ వారమే దొరుకుతుంది.

జాబితాను ఏడాదికి రెండుసార్లు తిరగరాయాలి. ఒకటి జూన్‌లో, బడులు తెరిచి అంగన్‌వాడీలో కొత్త పేర్లు చేరినప్పుడు. రెండోది డిసెంబరులో, బట్టీలకు కుటుంబాలు చేరుకుని గుడిసెలు వేసుకున్న తర్వాత. ఆ రెండో విడతలో కూలీల మేస్త్రీ దగ్గర పిల్లల సంఖ్య అడిగి రాసుకుని సరిపెట్టకుండా, పని ముగిసి పొయ్యిలు వెలిగే సాయంత్రం వేళ వెళ్లి, ప్రతి గుడిసె ముందూ ఆగి, పిల్లలను కళ్లారా లెక్కపెట్టండి.